ఊరికీ కాలనీకీ నడుమ ఇంటి నీళ్లు, మురుగు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఘట్‌కేసర్ దాటి బీబీనగర్ వైపు వెళ్లే దారిలో మాకు చిన్న హార్డ్‌వేర్ దుకాణం ఉంది. దుకాణం పెట్టకముందు పద్దెనిమిదేళ్లు ప్లంబింగ్ పనే చేశాను. మా దగ్గరికి రెండు రకాల వాళ్లు వస్తారు. తాతల నాటి పెంకుటింటికి ఈమధ్యే బాత్రూం కట్టించుకున్న ఊరివాళ్లు ఒకరైతే, వెంచర్‌లో ప్లాటు కొని ఇల్లు కట్టుకున్న కాలనీవాళ్లు ఇంకొకరు. ఊళ్లో నల్లా ఉంటుంది, డ్రైనేజీ ఉండదు. కాలనీలో చాలాచోట్ల రెండూ ఉండవు. ఇద్దరి కాళ్ల కిందా ఉన్నది మాత్రం ఒకే రాయి. దాని పగుళ్లలోంచే బోరుకు నీళ్లొస్తాయి, మనం వదిలిన మురుగు కూడా అందులోకే ఇంకుతుంది.

రోజూ అవే ప్రశ్నలు వస్తున్నాయి కాబట్టి, అడిగినవాళ్ల మాటల్లోనే ఇక్కడ రాసి పెట్టాను. మీకు కావాల్సింది మాత్రం చదువుకున్నా సరిపోతుంది.

## ఇల్లు కట్టేటప్పుడు

మాది 150 గజాల ప్లాటు. బోరు ఎక్కడ, సెప్టిక్ ట్యాంకు ఎక్కడ పెట్టాలి?

ముందు నేల వాలు చూడండి. గట్టి వాన పడినప్పుడు నీళ్లు ఎటు పారుతున్నాయో ఆ పల్లంలో సెప్టిక్ ట్యాంకు ఉండాలి. మెరక వైపు బోరు, సంపు ఉండాలి. మురుగు ఇంకే గుంతకూ తాగే నీటి బావికీ మధ్య కనీసం 18 మీటర్లు, అంటే దాదాపు 60 అడుగుల దూరం ఉండాలన్నది మన దేశ ప్రమాణం. 30×45 అడుగుల ప్లాటును మూల నుంచి మూలకు కొలిచినా 54 అడుగులే వస్తుంది. కాబట్టి ఇంత చిన్న ప్లాటులో వేసిన బోరు నీళ్లు వాడకానికే తప్ప తాగడానికి కావని ముందే మనసులో పెట్టుకోండి. పక్కింటి బోరు ఎక్కడుందో కూడా కొలవండి. మీ గుంత మీ బోరుకు దూరమై, వాళ్ల బోరుకు ఆనుకుని ఉంటే ఏం లాభం?

వాస్తు ప్రకారం ఈశాన్యంలో బోరు, వాయవ్యంలో సెప్టిక్ అంటారు. నేను కాదనను. కానీ వాస్తు కోసం నేలను కూడా ఈశాన్యానికే వాలుగా చేయిస్తారు. అప్పుడు ఆవరణలో పడిన ప్రతి చుక్కా బోరు దగ్గరికే వస్తుంది. అలాంటప్పుడు కేసింగ్, అంటే బోరు లోపల తొడిగే పైపు, నేలకు అడుగున్నర పైకి ఉంచి, చుట్టూ సిమెంటు గట్టు కట్టి, దాని వాలు బయటికి ఉండేలా చేయించండి.

బోరు వేసేవాళ్లు కేసింగ్ తక్కువ దించితే డబ్బు మిగులుతుందంటున్నారు. ఒప్పుకోవచ్చా?

ఒప్పుకోకండి. పై మట్టి, మొరం దాటి గట్టి రాయి తగిలి, ఆ రాతిలో కూడా కొన్ని అడుగులు దిగేదాకా కేసింగ్ ఉండాలి. పైపొరల్లోని మురుగునీటిని బోరులోకి రాకుండా ఆపేది అదొక్కటే. కేసింగ్ చుట్టూ మిగిలిన సందును బంకమట్టితోనో సిమెంటుతోనో పూడ్చాలి. మొరంతో కప్పేసి వెళ్లిపోతే వాననీళ్లు ఆ సందులోంచే నేరుగా దిగుతాయి. నీరు, భూమి, చెట్ల రక్షణకు వచ్చిన 2002 వాల్టా చట్టం కింద బోరుకు అనుమతి తీసుకోవాలి. బండి వచ్చి నిలబడ్డాక కాదు, ముందే తీసుకోండి.

సీపీవీసీ, యూపీవీసీ, జీఐ... ఏ పైపు ఎక్కడ వాడాలి?

గోడల్లోపల వేడినీళ్లకూ చన్నీళ్లకూ వేడిని తట్టుకునే ప్లాస్టిక్ పైపు సీపీవీసీ వెయ్యండి. సంపు నుంచి పైట్యాంకుకూ, ట్యాంకు నుంచి కిందికి దిగే చన్నీళ్ల లైనుకూ యూపీవీసీ సరిపోతుంది, వేడినీళ్లకు మాత్రం అది పనికిరాదు. జీఐ, అంటే జింకు పూత ఇనుప పైపు మన ఉప్పునీళ్లకు లోపల తుప్పుపట్టి, పదిహేనేళ్లకు ముప్పావు అంగుళం పైపులో పెన్సిలు దూరేంత దారి మిగులుతుంది. పాత ఇళ్లలో కోసి బయటికి తీసిన ముక్కలు చాలా చూశాను. డాబా మీద ఎండ తగిలే ప్లాస్టిక్ పైపులకు పెయింటు వేయించండి. లేకపోతే నాలుగైదు ఎండాకాలాలకు పెళుసుబారి, చెయ్యి తగిలితేనే విరుగుతాయి.

పైపులు వేశారు. రేపటి నుంచే టైల్స్ అంటున్నారు మేస్త్రీ. ఆపాలా?

ఆపండి. గమ్ము పెట్టిన చివరి జాయింటు ఆరడానికి ఒక రోజు వదిలెయ్యండి. తర్వాత అన్ని మూతులకూ ప్లగ్గులు బిగించి, చేతిపంపుతో ఒత్తిడి పెట్టి పరీక్ష చేయించండి. మామూలుగా లైనులో ఉండే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు పెట్టి, రెండు గంటలు గేజీ ముల్లు కిందికి జారకుండా ఉండాలి. జారిందంటే ఎక్కడో చెమ్మ ఉన్నట్టే. ఆ జాయింటు ఇప్పుడైతే పది నిమిషాల పని. టైల్స్ పడ్డాక అయితే గోడ పగలగొట్టాలి.

తర్వాత ప్రతి గోడకూ టేపు ఆనించి ఫొటో తీసుకోండి. నేల నుంచి ఎంత ఎత్తులో, మూల నుంచి ఎంత దూరంలో పైపు పోతోందో ఫొటోలోనే కనపడాలి. మా సొంత ఇంట్లో నేను ఈ ఫొటోలు తీసుకోలేదు. రెండేళ్ల తర్వాత తువ్వాలు కడ్డీ బిగిస్తుంటే డ్రిల్లు సరిగ్గా వేడినీళ్ల పైపులో దిగింది. ఆరు టైల్స్ పగిలాయి, ఆ రంగు టైలు మళ్లీ దొరకలేదు.

ప్రతి బాత్రూంకూ వేరే వాల్వు అవసరమా? ఖర్చు కదా?

అవసరమే. ఒక వాల్వు ఖర్చు ఒకసారి ప్లంబరును పిలిచిన ఖర్చంత కూడా ఉండదు. వేరే వాల్వు లేకపోతే ఒక నల్లా లోపల తిరిగే స్పిండిలు మార్చడానికి ఇల్లంతటికీ నీళ్లు బంద్ చెయ్యాలి. వాల్వు మీద పెయింటుతో 'వంటిల్లు', 'పైబాత్రూం' అని రాయించండి. పైపు పగిలినప్పుడు ఇంట్లో మీరే ఉంటారని లేదు. అమ్మకో పిల్లలకో అది చూసి అర్థమవ్వాలి.

మురుగు పైపుకు వాలు ఎంత ఇవ్వాలి? ఎక్కువుంటే ఇంకా మంచిదే కదా?

నాలుగంగుళాల పైపుకు నాలుగడుగులకు ఒక అంగుళం వాలు చాలు. తక్కువైతే మలం నిలబడిపోతుంది. ఎక్కువైతే నీళ్లు పరిగెత్తిపోయి మలం వెనకే మిగులుతుంది, అదీ జామే. మలుపు తిరిగే ప్రతిచోటా చాంబరు కట్టించండి. తొంభై డిగ్రీల ఎల్బో ఒకటి వేసే బదులు నలభై అయిదు డిగ్రీలవి రెండు వెయ్యమనండి.

పైన వెయ్యి లీటర్ల ట్యాంకును నాలుగు ఇటుకల మీద పెట్టారు. పర్వాలేదా?

దింపించండి. వెయ్యి లీటర్ల నీళ్లంటే ఒక టన్ను బరువు. ప్లాస్టిక్ ట్యాంకు అడుగు మొత్తం చదునుగా ఆనాలి. ఇటుకల మధ్య సందుల్లో అడుగు కిందికి జారి, ఒక రోజు పైపు మూతి దగ్గర చీలుతుంది. స్లాబు మధ్యలో కాకుండా గోడలు, పిల్లర్లు కలిసే చోట దిమ్మె కట్టించి పెట్టండి.

## ఇంటికి వచ్చే నీళ్లు

నల్లా సన్నగా వస్తోంది. పక్కింటివాళ్లు లైనుకే మోటారు పెట్టుకున్నారు. మేమూ పెట్టుకోవచ్చా?

వద్దు. సర్కారు నల్లాకు నేరుగా మోటారు పెట్టడం నిబంధనలకు విరుద్ధం, అధికారులు మోటారు పట్టుకెళ్లిపోతారు కూడా. అసలు ప్రమాదం అది కాదు. లైనులో నీళ్లు నిండుగా తోసుకొస్తున్నప్పుడు పైపుకు చిన్న చిల్లు ఉన్నా నీళ్లు బయటికే కారతాయి. మోటారు పీల్చిందంటే అదే చిల్లులోంచి పక్కన పారే మోరీ నీళ్లు లోపలికొస్తాయి. గల్లీలో ఒక్కరు పీల్చినా ఆ నీళ్లు అందరి బిందెల్లోకీ చేరతాయి.

దీనికి మార్గం ఒకటుంది. నల్లాను నేలమట్టానికి కిందున్న చిన్న సంపులోకి దానంతట అదే పడనిచ్చి, సంపు నుంచి మోటారు పెట్టుకోండి. పల్లంలో ఒత్తిడి తక్కువున్నా నీళ్లొస్తాయి. మిషన్ భగీరథ లెక్క ఊళ్లలో మనిషికి రోజుకు 100 లీటర్లు. మీ గల్లీకి అంత రావడం లేదంటే పదిమంది కలిసి పంచాయతీకి రాసివ్వండి. ఎవరికి వారు మోటారు పెట్టుకుంటే చివరి ఇంటికి చుక్క కూడా రాదు. ఆ చివరి ఇంట్లో తరచుగా ముసలివాళ్లే ఉంటారు.

బోరు మోటారు తిరుగుతున్న చప్పుడు వస్తోంది, నీళ్లు మాత్రం రావడం లేదు. మోటారు పోయిందా?

పోయిందని ముందే అనుకోకండి. స్టార్టరు మీద, మోటారు ఎంత కరెంటు లాగుతోందో చూపే ఆంప్స్ ముల్లు చూడండి. రోజూ చూపే దానికంటే బాగా తక్కువ చూపిస్తే మోటారు నీళ్లు లేకుండా తిరుగుతోందన్నమాట. బోరులో నీటిమట్టం పడిపోయి ఉండొచ్చు, లేదా లోపలి పైపు ఎక్కడో ఊడి ఉండొచ్చు. రోజూ కంటే ఎక్కువ చూపిస్తే ఇసుక పట్టి బిగుసుకుందేమో, వోల్టేజీ తగ్గిందేమో చూడాలి. ఏదైనా సరే వెంటనే ఆపేయండి. మోటారును చల్లబరిచేవి నీళ్లే. నీళ్లు లేకుండా నడిపితే కాయిల్ కాలిపోతుంది.

మా దగ్గర ఏప్రిల్, మే నెలల్లో వచ్చే ఈ ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం మోటారు దోషం కాదు, బోరులో నీళ్లు తగ్గడమే. అరగంట నడిపి రెండు గంటలు ఆపితే ఊట మళ్లీ చేరుతుంది. నీళ్లు తగ్గితే మోటారును దానంతట అదే ఆపే కంట్రోలు పెట్టించుకుంటే ఈ బాధ ఉండదు.

సంపు మోటారుకు పొద్దున లేవగానే నీళ్లు పోస్తేనే ఎక్కుతోంది. రోజూ ఇదే గోల.

సంపులోని పైపు చివర ఉండే ఫుట్ వాల్వు సరిగ్గా మూసుకోవడం లేదు. రాత్రంతా పైపులోని నీళ్లు మెల్లగా కిందికి దిగి మోటారుకు గాలి పడుతోంది. పైపు పైకి తీసి వాల్వు విప్పండి. చాలాసార్లు ఒక ఇసుక రేణువో, ప్లాస్టిక్ ముక్కో, వేరుపోగో అడ్డుపడి ఉంటుంది. రబ్బరు గట్టిపడితే మార్చండి. వాల్వు బాగున్నా ఇదే జరుగుతుంటే పీల్చే పైపు జాయింట్లలో గాలి చొరబడుతున్నట్టు. ఆ జాయింట్ల మీద సబ్బునురగ పూసి, మోటారు నడుస్తున్నప్పుడు నురగ లోపలికి లాగుతుందేమో చూడండి.

బోరు నీళ్లు పట్టగానే పాలలా తెల్లగా ఉన్నాయి. తాగొచ్చా?

గాజు గ్లాసులో పట్టి కదపకుండా పెట్టండి. కింది నుంచి పైకి తేటపడితే అది గాలి, దానివల్ల నష్టం లేదు. పైనుంచి తేటపడి అడుగున మెత్తటి పొర కడితే మట్టి. పట్టినప్పుడు తేటగా ఉండి గంట తర్వాత ఎర్రబడితే ఇనుము. ఆ ఇనుమే బట్టల మీద గోధుమరంగు మరకలు వేస్తుంది. అయితే గ్లాసు చూసి తాగొచ్చో లేదో చెప్పలేం. రోగక్రిములకు, ఫ్లోరైడ్‌కు రంగూ లేదు, రుచీ లేదు. తాగాలనుకుంటే పరీక్ష చేయించాల్సిందే.

కందిపప్పు ఎంతసేపు పెట్టినా ఉడకడం లేదు, సబ్బు నురగ రావడం లేదు. నీళ్ల లోపమేనా?

అవును, నీటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్నాయి. అదే హార్డ్ వాటర్. తాగే నీటిలో ఈ కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదని, వేరే దిక్కు లేకపోతే 600 దాకా సర్దుకోవచ్చని మన దేశ ప్రమాణం. పప్పుకు, టీకి నల్లా నీళ్లు వాడండి, అంతే. ఇంటి మొత్తానికీ ఈ కఠినత్వం తీసే సాఫ్ట్‌నర్ పెట్టించే ముందు ఒక మాట గుర్తుంచుకోండి. అది ఉప్పుతో కడుక్కునే యంత్రం, ఆ ఉప్పునీళ్లు మళ్లీ మీ నేలలోకే పోతాయి. గీజర్ వరకు చిన్నది పెట్టుకుంటే చాలని నా అభిప్రాయం.

నల్లాల మూతికి పట్టిన తెల్లటి గట్టిపొరకు నిమ్మచెక్క రుద్ది అరగంట వదిలితే చాలు. నల్లా మూతిలోని జాలీని నెలకోసారి విప్పి కడగండి.

ఫ్లోరైడ్ నీళ్లను మరిగించి తాగితే సరిపోతుందా?

సరిపోదు. మరిగిస్తే నీళ్లు ఆవిరైపోతాయి, ఫ్లోరైడ్ మాత్రం గిన్నెలోనే మిగిలి ఇంకా చిక్కబడుతుంది. మనది ఉమ్మడి నల్గొండ నేల. వంగిన వెన్నులు, బిగుసుకుపోయిన మోకాళ్లు చూస్తూ పెరిగినవాళ్లం. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, గత్యంతరం లేకపోయినా 1.5 హద్దు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను విరిచే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టి నల్గొండ పద్ధతి అన్నారు, కానీ పాళ్లు కుదరకపోతే పని చెయ్యదు. ఇంట్లో అయితే ఆర్‌ఓ తీసేస్తుంది. అన్నిటికంటే మేలు కృష్ణా, గోదావరి నుంచి వచ్చే భగీరథ నీళ్లు. పిల్లలకు పాలు కలిపే నీళ్లు, అన్నం వండే నీళ్లు కూడా లెక్కలోకి వస్తాయి. తాగే గ్లాసు ఒక్కటే చూసుకోకండి.

సంపును ఎన్నాళ్లకోసారి కడగాలి? బ్లీచింగ్ ఎంత వెయ్యాలి?

ఏడాదికి రెండుసార్లు, తొలకరికి ముందు ఒకసారి తప్పకుండా. ముందు మోటారు ప్లగ్గు పీకి పక్కన పెట్టండి. స్విచ్చి ఆపితే చాలదు. తడి సంపులో నిలబడ్డ మనిషికి కరెంటు తగిలితే కాపాడే సమయం ఉండదు. మూత తీసి గాలి ఆడనిచ్చాకే దిగాలి, పైన ఇంకో మనిషి ఉండాలి.

కడిగి నింపాక వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు, అంటే సుమారు అర చెంచా మంచి బ్లీచింగ్ పౌడరు. బకెట్ నీళ్లలో కలిపి సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే సంపులో పొయ్యండి. గంట తర్వాత వాడుకోవచ్చు. మూత తీసి నెలలు గడిచిన పొట్లంలో ఘాటు ఉండదు, దాన్ని వేసినా వెయ్యనట్టే.

## ఇంట్లో రోజూ ఎదురయ్యేవి

కింద నీళ్లు బాగా వస్తున్నాయి, పై అంతస్తు షవర్ మాత్రం కారినట్టు వస్తోంది. ఎందుకు?

నీటికి ఒత్తిడి ఎత్తును బట్టి వస్తుంది. పది మీటర్ల ఎత్తుంటే చదరపు సెంటీమీటరుకు ఒక కిలో. మీ షవర్‌కు ట్యాంకు అడుగు అయిదడుగుల పైన ఉంటే ఆ కిలోలో ఆరో వంతు కూడా అందదు. ముందు షవర్ జల్లెడలో ఉప్పు పేరుకుందేమో చూడండి. తర్వాత ట్యాంకు నుంచి దిగే పైపు సైజు చూడండి. ట్యాంకు దగ్గరే ముప్పావు అంగుళం వేసి ఉంటే రెండు నల్లాలు ఒకేసారి తిప్పగానే నీళ్లు చాలవు, అక్కడ అంగుళంపావు ఉండాలి. ట్యాంకు మూతి దాటగానే ఒక గాలిపైపును ట్యాంకు కంటే ఎత్తుకు నిలబెడితే పైపులో గాలి ఇరుక్కునే ఎయిర్ లాక్ కూడా పోతుంది. ఇవన్నీ చేశాక కూడా చాలకపోతేనే ప్రెషర్ పంపు కొనండి. మా దుకాణంలో పంపు అమ్ముడుపోతుంది కదా అని ముందే అంటగట్టడం నాకు ఇష్టం ఉండదు.

రాత్రి నిండిన ట్యాంకు పొద్దుటికి సగం అవుతోంది. నీళ్లు ఎటు పోతున్నాయి?

పడుకునే ముందు నీటిమట్టం దగ్గర గీత గీసి, ట్యాంకు కింది మెయిన్ వాల్వు కట్టండి. పొద్దున అయినా మట్టం తగ్గితే ట్యాంకులోనో, మోటారు నుంచి వచ్చే పైపులోంచి నీళ్లు సంపులోకి వెనక్కి దిగుతూనో లోపం ఉంది. తగ్గకపోతే లోపం ఇంట్లో ఉంది, మరుసటి రాత్రి ఒక్కో బాత్రూం వాల్వూ కట్టి చూడండి.

నా అనుభవంలో దొంగ ఫ్లష్ ట్యాంకే. అందులో బట్టలకు వాడే నీలిమందు నాలుగు చుక్కలు వేసి పావుగంట ఆగండి. ఫ్లష్ చెయ్యకుండానే కమోడ్‌లో నీలం కనపడితే అడుగున ఉన్న రబ్బరు వాషర్ పోయినట్టే. చప్పుడు కూడా లేకుండా గోడ వెంట సన్నగా జారే ఆ నీళ్లు ఎవరికీ కనపడవు.

నల్లా ఎంత బిగించినా చుక్కలు కారుతోంది.

ఇంకా బిగించకండి. పాతకాలపు తిప్పే నల్లా అయితే లోపల రబ్బరు వాషర్ అరిగింది, మార్చితే సరి. సగం తిప్పితే ఆగే కొత్తరకం అయితే లోపల రెండు పింగాణి బిళ్లలుంటాయి. వాటి మధ్య ఇసుక పడి గీతలు పడతాయి, స్పిండిలు మొత్తం మార్చాలి. పాత స్పిండిలు చేత్తో తీసుకొని దుకాణానికి రండి. పళ్ల లెక్క ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది.

గీజర్ పక్కనున్న చిన్న వాల్వు నుంచి నీళ్లు కారుతున్నాయి. ప్లగ్గు కొట్టెయ్యమంటున్నారు.

ఎవరు చెప్పినా కొట్టించకండి. నీళ్లు వేడెక్కితే ఉబ్బుతాయి, ఆ ఒత్తిడిని బయటికి వదిలేదే ఆ వాల్వు. వేడెక్కేటప్పుడు నాలుగు చుక్కలు రావడం దాని పనే. దాన్ని మూస్తే గీజర్ బాంబవుతుంది. ధారగా ఆగకుండా కారితే మాత్రం వాల్వు మార్చండి. వేడి 60 డిగ్రీలు దాటకుండా పెట్టుకుంటే ఉప్పు పేరుకోవడమూ తగ్గుతుంది. ఎర్తింగ్ సరిగా ఉందని ఎలక్ట్రీషియన్ చూసి చెప్పేదాకా, స్విచ్చి ఆపాకే స్నానానికి వెళ్లండి.

గోడకు చెమ్మ వస్తోంది. పైపు లీకా, వాన నీళ్లా?

ఎండాకాలంలో కూడా ఉంటే పైపే అనుకోవచ్చు. వానల్లోనే ఉండి ఎండకు ఆరిపోతే గోడ పగుళ్లు, స్లాబు. నేల నుంచి రెండు మూడు అడుగుల దాకా ఎప్పుడూ ఉండి తెల్లటి పొడి రాలుతుంటే నేలలోంచి పైకి ఎక్కే చెమ్మ, దానికి ప్లంబరు చేసేదేమీ లేదు.

## ఇంట్లోంచి పోయే నీళ్లు

చుట్టాలొస్తేనే వాడే బాత్రూం. తలుపు తీస్తే కుళ్లు వాసన. ఎంత కడిగినా పోదు.

నేల జాలీ కింది ట్రాప్‌లో ఎప్పుడూ రెండంగుళాల నీళ్లు నిలబడి ఉండాలి, డ్రైనేజీ వాసనను ఆపే తలుపు ఆ నీళ్లే. వాడకం లేక అవి ఆవిరైపోయాయి. జాలీలో, వాష్‌బేసిన్‌లో, కమోడ్‌లో వారానికోసారి చెంబెడు నీళ్లు పొయ్యండి. వాడే బాత్రూంలో కూడా వాసనొచ్చి, ఫ్లష్ కొట్టినప్పుడు జాలీ గుడగుడమంటే మురుగు పైపుకు గాలిగొట్టం లేదన్నమాట. గాలి అందక పైపు ట్రాప్‌లోని నీళ్లను లాగేసుకుంటోంది. గాలిగొట్టాన్ని డాబా దాటించి, కొసకు దోమల జాలీ కట్టించండి.

సింకు జామ్ అయితే యాసిడ్ పోస్తున్నాం. తప్పా?

తప్పే. నూనె, పప్పు పేరుకున్న జామ్‌కు యాసిడ్ పెద్దగా పని చెయ్యదు. పైగా సెప్టిక్ ట్యాంకులో మలాన్ని కరిగించే సూక్ష్మజీవులను చంపుతుంది. సింకు కింది గిన్నెలాంటి ట్రాప్‌ను చేత్తోనే విప్పొచ్చు. కింద బకెట్ పెట్టి విప్పి కడగండి. యాసిడ్, బ్లీచింగ్ ఎప్పుడూ ఒకదాని మీద ఒకటి పొయ్యకండి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, తలుపు మూసిన చిన్న బాత్రూంలో అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది.

మాకు సిమెంటు రింగులు దించి సెప్టిక్ ట్యాంకు అన్నారు. సరైనదేనా?

అడుగు లేని రింగుల గుంత సెప్టిక్ ట్యాంకు కాదు, ఇంకుడు గుంతే. అసలు సెప్టిక్ ట్యాంకుకు అడుగూ గోడలూ నీరు కారకుండా ఉండాలి. మలం అడుగుకు దిగి, తెట్టు పైన తేలి, మధ్యలోని నీళ్లు మాత్రమే బయటి గుంతలోకి పోవాలి. అయిదుగురున్న ఇంటికి సుమారు అయిదడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, మూడడుగులకు పైన నీటి లోతు, ఆ పైన అడుగు ఖాళీ చాలు. అందరూ అడిగినట్టు పదడుగుల బావి అక్కర్లేదు. కొత్త ట్యాంకును నీళ్లతో నింపి వాడకం మొదలుపెట్టండి. పేడ, ఈస్టు, చచ్చిన కోడి లాంటివి వెయ్యాల్సిన పని లేదు.

ఊళ్లో తక్కువ ఖర్చులో అయితే రెండు గుంతల మరుగుదొడ్డి మంచిది. ఒకటి నిండాక చాంబరులో అడ్డు రాయి మార్చి మురుగును రెండోదానికి మళ్లిస్తారు, మొదటిది రెండేళ్లలో వాసన లేని ఎరువవుతుంది. అయితే ఆ గుంతలకు కూడా తాగే నీటి బావి దూరంగానే ఉండాలి.

సెప్టిక్ ఎప్పుడు తీయించాలి? మనిషి దిగి తీస్తే తక్కువకే అవుతుందంటున్నారు.

రెండు మూడేళ్లకోసారి, నిండి పొంగేదాకా ఆగకుండా మిషన్ బండితో తీయించండి. అడుగున కొంచెం వదిలితే మళ్లీ పని మొదలవుతుంది.

మనిషిని మాత్రం దింపకండి. లోపల ఉండే విషవాయువు రెండు ఊపిరుల్లో స్పృహ తప్పిస్తుంది. పడినవాణ్ని లాగబోయి రెండోవాడు, మూడోవాడు పోయిన ఇళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. 2013 చట్టం ఈ పనిని నిషేధించింది. ఇలాంటి చావుకు 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. తక్కువకు వస్తానన్న ఆ మనిషికీ ఇంటి దగ్గర పిల్లలున్నారు. బండి డ్రైవరును కూడా ఎక్కడ పోస్తావని అడగండి. చెరువు కాల్వలో పోస్తాననేవాణ్ని పిలవకండి.

వానాకాలంలో కమోడ్ నిండి వెనక్కి వస్తోంది.

చుట్టూ నేల తడిసి ఇంకుడు గుంత నీళ్లు తీసుకోవడం లేదు, లేదా డాబా వాననీళ్లు కూడా అదే చాంబరులో కలిపారు. రెండోది చాలా ఇళ్లలో ఉంది. వెయ్యి చదరపు అడుగుల స్లాబు మీద ఒక సెంటీమీటరు వాన పడితే 900 లీటర్లు దాటుతాయి, ఏ సెప్టిక్ తట్టుకోగలదు? వాననీళ్ల పైపును వేరు చేసి శుభ్రమైన ఇంకుడు గుంతకు మళ్లించండి.

స్నానం నీళ్లు, వంటింటి నీళ్లు చెట్లకు పెట్టొచ్చా?

స్నానం నీళ్లు అరటి, కొబ్బరి, కానుగ చెట్లకు హాయిగా పెట్టొచ్చు. వంటింటి నీళ్లకు మధ్యలో చిన్న జిడ్డు చాంబరు పెట్టి, అందులో పేరుకున్న జిడ్డును వారానికోసారి తీసెయ్యాలి. ఆకుకూరల మడికి మాత్రం రెండూ వద్దు.

మా బోరు ఎండిపోయింది. బాత్రూం నీళ్లు అందులోకి వదిలితే గుంత తవ్వే పని తప్పుతుంది కదా?

ఈ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు ఒక సీసా గుర్తొస్తుంది. ఒక అక్క దుకాణానికి వచ్చి, పిల్లలిద్దరికీ నెలలో మూడోసారి విరేచనాలు, ఏ ఫిల్టరు మంచిదని అడిగింది. తెచ్చిన బోరు నీళ్లు తేటగా ఉన్నాయి, వాసన లేదు. నీటి పరీక్షకు వాడే చిన్న సీసా ఒకటి నా దగ్గర ఉంటే గీత దాకా ఆ నీళ్లు నింపి బిల్లు పుస్తకం పక్కన పెట్టాను. మలంలోని క్రిములుంటే ఒకటి రెండు రోజుల్లో అందులోని నీళ్లు నల్లబడతాయి. తెల్లారి షట్టరు తీసేసరికి సీసా కాటుకలా ఉంది.

రెండిళ్లవతల ఒక పెద్దాయన ఇంట్లో ఎండిన బోరులోకి బాత్రూం, సెప్టిక్ పైపులు కలిపి ఉన్నాయి. ఆ పెద్దాయనది చెడ్డ బుద్ధి కాదు. 'నీళ్లు పాతాళానికి పోతాయి బాబాయ్' అని మేస్త్రీ చెబితే నమ్మాడు. మనది రాతినేల. ఎండిన బోరు కూడా పగుళ్లతో పక్క బోర్లకు కలిసే ఉంటుంది. మట్టిలోంచి ఇంకితే కొంతైనా వడపోత జరుగుతుంది. బోరులో వదిలితే అదీ లేదు, సూదిమందు రక్తంలోకి ఎక్కించినట్టే. సీసా చూపించగానే ఆయన ఆ సాయంత్రమే పైపు కోయించాడు. అయినా ఆ అక్క బోరు సీసా నల్లబడకుండా ఉండటానికి రెండు వానాకాలాలు పట్టింది. అప్పటిదాకా వాళ్లు భగీరథ నీళ్లే తాగారు.

కాబట్టి ఎండిన బోరులోకి స్నానం నీళ్లు కూడా వద్దు. డాబా వాననీళ్లు పంపొచ్చు, అదీ కంకర, ఇసుక పొరల గుంతలో వడగట్టి, మొదటి వాన నీళ్లు బయటికి వదిలేశాక. అది కూడా చెయ్యకపోతే బోరును అడుగు నుంచి నేలమట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్లతో పూడ్చించండి. పసిపిల్లలు పడి చనిపోయిన తర్వాత 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం కూడా అదే. పూడ్చేదాకా కేసింగ్ మూతికి ఇనుప ప్లేటు వెల్డింగ్ చేయించండి. గోనెసంచి కప్పి మీద రాయి పెట్టి వదిలెయ్యకండి.